నూనె రాయని చెయ్యి

మిరపకాయలు ఏరడానికి కూర్చునే ముందు మా వైపు ఆడవాళ్లందరం రెండు చేతులకూ ఆముదం పట్టిస్తాం. లేకపోతే సాయంత్రానికి చేతులు భగభగ మండిపోతాయి. కిందటేడు మాత్రం నేను ఎడమ చేతికే రాయించుకుని, కుడిచేతిని ఒళ్లో దాచుకునేదాన్ని.

"దాన్ని కూడా ఇటియ్యక్కా, రాస్తాను" అనేది మా తోడికోడలు.

"దానికొద్దులేవే. మండితే మండనీ" అనేదాన్ని. అది మండాలనే నా ఆశంతా.

అంతకుముందు ఏడు, కళ్లంలో మిరపకాయలు తొక్కి నింపిన టిక్కీ బస్తాలు ట్రాక్టరు ట్రక్కులోకి ఎత్తుతుంటే పైనుంచి ఒక టిక్కీ జారి నా మీద పడింది. ట్రక్కు తలుపుకూ దానికీ మధ్య నలిగి, కుడి భుజం కింద ఎముక పుటుక్కుమంది. కోతల రోజులు. గుంటూరు వెళ్తే ఎన్నాళ్లు పడుకోబెడతారో అని, పక్కూళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ సరేనన్నాను. ఆ తెలివితక్కువలో నా వాటా నాకుంది. ఆయన కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. మణికట్టు వేలాడిపోతుంటే కట్టు బిగువేమో అనుకున్నాం. పన్నెండు రోజులు అలాగే అనుకుంటూ కూర్చున్నాం.

చివరికి గుంటూరు వెళ్తే, బ్రాడీపేటలో డాక్టరుగారు కట్టు విప్పించి "చెయ్యి మణికట్టు దగ్గర పైకెత్తమ్మా" అన్నారు. ఎత్తాననే అనుకున్నాను. చూసుకుంటే అది చచ్చిన కోడి మెడలా కిందికే వాలి ఉంది. ఎముకను చుట్టుకుని పోయే నరం నలిగిందట. ఎముకకు ప్లేటు వేశారు. నరం మాత్రం దానంతటది నిదానంగా కోలుకోవాలన్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక, పెన్నుతో సున్నా చుట్టి "ఇక్కడ స్పర్శ వస్తే ఒక మంచి గుర్తమ్మా" అన్నారు.

ఎముక అతికింది. చెయ్యి లేవలేదు. పత్తి తీతకు వెళ్తే, పట్టుకున్న దూదిని వదలడానికి వేళ్లు విచ్చుకోలేదు. ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పుకుంటుంటే వెనక సాలులో ఆడవాళ్లు మాటలాపేశారు. వాళ్లు నవ్వినా బాగుండేది. ఊళ్లో ప్రతివాళ్లూ నరాల డాక్టర్లయి ఒకరు వెల్లుల్లి అన్నారు, ఒకరు ఉలవలన్నారు. అన్నీ తిన్నాను. నాకు ఎవరిని చూసినా కోపం, లేచి ఆడే ప్రతి చెయ్యిని చూసినా ఏడుపు.

మళ్లీ మిరప వచ్చింది. తెల్లబారిన తాలుకాయల్ని ఏరి, మణికట్టు విదిల్చి వెనక్కి పారెయ్యడంలో కళ్లంలో నన్ను మించిన వాళ్లు లేరు. ఆ విదిలింపే పోయింది. ఎడమచేత్తో తడుముకుంటూ కూర్చునేదాన్ని. పెన్ను గీత ఎప్పుడో చెరిగిపోయినా ఆ చోటు నాకు గుర్తే. రోజూ ఎర్రకాయ ఒకటి చిదిమి అక్కడ రుద్దేదాన్ని. ఏమీ తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ చోట చురుక్కుమంది. కాసేపటికి నిప్పు పెట్టినట్టు మండింది. "అబ్బా!" అని అరిచాను. మా తోడికోడలు మజ్జిగ చెంబుతో పరిగెత్తుకొచ్చింది.

"కడగొద్దే! మండుతోందే, నా చెయ్యి మండుతోంది!" అంటూ ఏడుస్తూనే నవ్వాను. అదీ నవ్వింది. ఏడాదిలో నేను సంతోషపడింది ఆ ఒక్క పూటే.

మర్నాడే గుంటూరు వెళ్లాను. సూదులు గుచ్చి నరాల పరీక్ష చేశారు. డాక్టరుగారు కాగితం చూసి చెప్పారు.

"స్పర్శ వచ్చిందమ్మా, నిజమే. కానీ చెయ్యెత్తే కండలకు నరం ఇంకా అందలేదు. ఏడాది దాటింది. ఇక దానంతటది లేస్తుందని నేను చెప్పలేను. పనిచేసే వేరే కండ కొసను తెచ్చి ఇక్కడ కుట్టే ఆపరేషన్ ఉంది. చేసినా మునుపటి చెయ్యి మాత్రం కాదు."

బస్సులో దారి పొడుగునా ఆ చెయ్యి మండుతూనే ఉంది. ఏ మంట కోసం అన్నాళ్లు ఎదురుచూశానో, ఇప్పుడదే మిగిలింది.

పొద్దున్నే కళ్లంలో మా తోడికోడలు నా ఎడమ చేతికి ఆముదం రాసి సీసా మూత పెట్టబోయింది. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి దాని ఒళ్లో పెట్టాను.

"దీనికీ రాయవే" అన్నాను.

అది నా మొహంలోకి చూసి, ఒక్కో వేలికీ నిదానంగా రాసింది. రాసి వదిలేసింది. చెయ్యి అది వదిలినచోటే పడి ఉంది.