ఇనప్పెట్టెలో పాస్‌పోర్టు

మా స్టాఫ్ రూములో నా కుర్చీకి ఒక మేకు పైకి తేలి ఉండేది. దాని మీద నేను ప్రిన్సిపాలుగారికి మూడు దరఖాస్తులు పెట్టాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదాని మీద ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి, ఫర్నిచరు చూసుకునే లెక్చరరుకు పంపారు. ఫర్నిచరు చూసుకునే లెక్చరరును నేనే. మూడోది ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. రెండు ప్యాంట్లు పోయాయి. మేకు మాత్రం పర్మినెంటయింది.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. సూర్యాపేటలో ఇంగ్లీషు చెబుతుండేవాణ్ణి. ఎడమ కాలువ నీళ్లొచ్చి, మిర్యాలగూడ చుట్టూ ఎటు చూసినా వరి, వరి ఉన్నచోటల్లా రైసు మిల్లు లేస్తున్న రోజులు. హైదరాబాదులో వ్యవసాయం చదువుతున్న టాంజానియా విద్యార్థి ఒకతను ఆరునెలల ట్రైనింగుకు మిర్యాలగూడలోని ఒక మిల్లుకు వచ్చాడు. జిల్లాలో ఏదో ఒక కాలేజీ అతని బాగోగులు చూడాలని రూలు. ఆ ఏదో ఒకటి మాదయింది. ప్రిన్సిపాలుగారు నన్ను విదేశీ విద్యార్థుల సంక్షేమాధికారిగా వేశారు. విద్యార్థి ఒక్కడు, అధికారి ఒక్కడు. ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంగ్లండులో కూడా ఉండి ఉండదు.

దాంతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది, నాకొకటి, అతనికొకటి. విద్యార్థికి కష్టమొస్తే ఎవరికి చెప్పుకోవాలో అందులో ఉంది. ముందు ట్రైనింగు ఇచ్చే యజమానికి చెప్పాలి. ఆయన వినకపోతే సంక్షేమాధికారికి. అక్కడా పని కాకపోతే హైదరాబాదుకు రాసుకోవచ్చు, సంక్షేమాధికారి ద్వారా.

వచ్చిన వారంలోనే అతను నన్ను అడిగాడు. మిల్లు వెనక గదికి గొళ్లెమే తప్ప తాళం లేదు, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టుకోవాలి అని. “సేటుగారి ఇనప్పెట్టెలో పెట్టించు. బ్యాంకు కంటే నయం” అన్నాను. మిల్లు సేటు తాతల కాలం నుంచి ధాన్యం వ్యాపారంలో ఉన్నవాడు, మంచి మనిషి. పాస్‌పోర్టుకు కుంకుమ బొట్టు పెట్టి మరీ లోపల పెట్టాడు. సంక్షేమం ఇంత సులువా అనుకుంటూ నేను బస్సెక్కాను.

అతను దేశంలో ఉండడానికి ఇచ్చిన గడువు పెంచుకోవాలంటే పాస్‌పోర్టు పట్టుకుని నల్లగొండ ఆఫీసులో ముద్ర వేయించుకోవాలి. ఆఖరు రోజు ఒక శుక్రవారం. ఆ రోజు ముద్ర పడకపోతే ట్రైనింగు రద్దు, చదువు రద్దు, ఓడెక్కి ఇంటికి.

ఆ శుక్రవారం పొద్దున మా కాలేజీ నోటీసు బోర్డుకు ఒక కవరు గుచ్చి ఉంది. పైన ‘సంక్షేమాధికారి’ అని ఇంగ్లీషులో. మా అటెండరు పెద్దమనిషి, బుధవారం నుంచి దానికి కాపలా కాస్తున్నాడు.

“గీ పేరుగలాయన ఎవరో గని, మూడొద్దులాయె సారూ, రానే వస్తలేడు.”

“అది నేనేనయ్యా.”

“మీరా!” అని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “గా ముచ్చట జర ముందుగాల చెప్పొద్దా?”

విద్యార్థి రాసిన ఉత్తరంలో నాలుగే వాక్యాలు: సేటు కోదాడలో బావమరిది మిల్లు పనుల మీద ఉన్నాడు. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. శుక్రవారం సాయంత్రం ఐదుకు ఆఫీసు మూస్తారు. నాకు భయంగా ఉంది.

మిర్యాలగూడ చేరేసరికి పన్నెండు దాటింది. అతను మిల్లు వాకిట్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ నడినెత్తిన ఉంది.

“పొద్దుగాల సంది గట్లనే నిలవడ్డడు సారూ,” అన్నాడు బస్తాల మీద కూర్చున్న హమాలీ. “చాయ తాగుమంటె తాగడు. కూసోమంటె చొక్క నలుగుతదంటడు.”

సేటు రాత్రే కోదాడ నుంచి వచ్చాడట. అప్పుడే పూజ ముగించి గద్దె మీద కూర్చున్నాడు.

“రాండ్రి రాండ్రి సారూ! బువ్వల యాళ్లకొచ్చిండ్రు.”

“పాస్‌పోర్టు కావాలె సేటూ.”

“దానికేం భాగ్యం. రేపు పొద్దుగాల తీస్కపోండ్రి.”

“ఇయ్యాల్నే ఆఖరు.”

“ఇయ్యాల శుక్కురారం గద!” అన్నాడు, నేను క్యాలెండరు మరిచిపోయానేమోనన్నట్టు. “పూజ చేసి మూసిన పెట్టె. మా తాత కాలం సంది శుక్కురారం నాడు ఆ పెట్టెల నుంచి ఏదీ గడప దాటలె.”

“అది బంగారం కాదు. కాయితాల బుక్కు.”

“బొట్టు వెట్టి లోపట వెట్టిన సారూ. గప్పటి సంది అదీ లచ్చిమే.”

నేను సంక్షేమాధికారిని కాబట్టి పుస్తకం తీశాను. “దీని ప్రకారం ఇతను ముందు మీకే ఫిర్యాదు ఇయ్యాలె.”

“ఎవరి మీద?”

“మీ మీదనే.”

సేటు గద్దె మీద సర్దుకుని కూర్చున్నాడు. “ఇయ్యుండ్రి. నేను తీస్కోకుంటె ఇంకెవరు తీస్కుంటరు?” అన్నాడు. విద్యార్థి అక్కడే రాసిచ్చిన ఫిర్యాదును రెండు చేతులా అందుకుని, గుమాస్తాతో చదివించుకున్నాడు. “పిలగాడు రాసిన దాంట్ల తప్పేం లేదు. న్యాయంగనే రాసిండు” అని తీర్పిచ్చి, కాగితాన్ని భక్తిగా మడిచి లక్ష్మీదేవి పటం కింద పెట్టాడు. పెట్టె తెరవలేదు.

గోడ గడియారం రెండు కొట్టింది. విద్యార్థి గడియారం వంక, నా వంక, మళ్లీ గడియారం వంక చూశాడు. నేను గడియారం వంకే చూస్తూ ఉండిపోయాను.

గుమాస్తాది కోదాడ. నన్ను పక్కకు పిలిచి, “ఆయనతో కాదు లెండి సారూ, పెద్దమ్మగారిని అడగండి. ఆవిడ మాటకు ఎదురు చెప్పరు” అన్నాడు. సేటు తల్లి ఒక్కపొద్దు. పారాయణం చేసుకుంటోంది. అది అయి ఆమె బయటికి వచ్చేసరికి మూడయింది. సంగతంతా విని, విద్యార్థి చొక్కా మీది చెమట చూసి, కొడుకు వైపు తిరిగింది.

“పెట్టె వట్టిగ కావొద్దంటరు గని, తెరవొద్దని ఎవరన్నరురా? ఒకటి లోపటికి పోనియ్యి, ఒకటి బయటికి రానియ్యి. గంతే.”

నేను చేతి గడియారం విప్పి ఇచ్చాను. మా మామగారు పెళ్లికి పెట్టింది. ఈ విషయంలో ఆయనకు ఉన్న అభిప్రాయం తర్వాత వేరేగా తెలిసింది. గడియారానికి బొట్టు పెట్టారు, లోపలికి పోయింది. పాస్‌పోర్టు బయటికొచ్చింది.

మూడున్నర బస్సు దొరికింది. టైమెంతయిందో చూసుకోవడానికి మాత్రం ఏమీ లేదు. అతను ప్రతి స్టాపులో ఎక్కినవాళ్లందరినీ టైమడుగుతూ వచ్చాడు. ఒకాయన నాలుగుంబావు అన్నాడు, తర్వాతి ఊళ్లో ఎక్కినాయన నాలుగన్నాడు. మాకు రెండో ఆయన నచ్చాడు. దారిలో ఇంజను కాగి, నీళ్లు పోసేదాకా బస్సు ఆగింది. అతను దిగి డ్రైవరు పక్కన నిలబడ్డాడు, తను చూస్తుంటే త్వరగా చల్లారుతుందన్నట్టు.

ఆఫీసు చేరేసరికి అక్కడి గడియారంలో ఐదూ పది. ఆఫీసు గుమాస్తా బల్ల సొరుగు మూస్తున్నాడు. మనిషి మంచివాడు.

“పది నిమిషాలే గద. ఎందుకు లేటయిందో నాలుగు ముక్కలు రాసియ్యమనుండ్రి. చూద్దాం.”

విద్యార్థి వెంటనే కూర్చుని రాయడం మొదలుపెట్టాడు: ‘నా పాస్‌పోర్టు వేరేవారి పెట్టెలో...’ నేను అతని చేయి పట్టుకున్నాను.

“అట్లా రాయకు. సేటు మీద ఎంక్వయిరీ వస్తుంది. మూణ్నెల్లుగా నీకు అన్నం పెట్టిన మనిషి.”

“కానీ జరిగింది అదే కదా సార్?”

“జరిగిందదే. అయితే మా దగ్గర ఒక పద్ధతుంది. తప్పంతా నాదేనని రాస్తే ఎంతటి అధికారైనా కరుగుతాడు. నా చదువంతా అట్లాగే గడిచింది.”

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ కాగితం చింపేసి, ఇంకోదాని మీద ‘నా అజాగ్రత్త వల్ల ఆలస్యమైంది’ అని రాసి సంతకం పెట్టాడు. కింద సాక్షిగా నేను పెట్టాను, హోదాతో సహా.

గుమాస్తా రెండుసార్లు చదివాడు. ముఖం ముడుచుకుంది. “ఇదేంది సారూ, ఇట్ల రాయించిండ్రు? ఇంకెవరి దగ్గరనో ఇరుక్కున్నదంటె పిల్లవాని తప్పు లేదని ఇప్పుడే ముద్ర కొడుదును. సొంత అజాగ్రత్త అంటె నా చేతుల ఉండదు. హైదరాబాదు పోవాలె. వాళ్లు పంపియ్యమంటె పంపుడే.”

“ఇంకో కాగితం రాసిస్తాం.”

“మీరే సాక్షి సంతకం వెట్టిండ్రు గద సారూ. నేనిప్పుడు చూడలేదనాల్నా?”

పాస్‌పోర్టు, ఆ కాగితం కలిపి దారంతో కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మేం బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఇస్త్రీ చొక్కా నలుగుతున్నా అతను పట్టించుకోలేదు. ఫైల్లోంచి తన చిన్న పుస్తకం తీసి, ఫిర్యాదుల పేజీ తెరిచాడు. మొదటి వరస మీద వేలు పెట్టాడు. రెండోదాని మీద పెట్టాడు. మూడోదాని చివర, ‘సంక్షేమాధికారి ద్వారా’ అన్నచోట వేలు ఆగింది. అప్పటిదాకా నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడినవాడు, మిల్లు హమాలీల దగ్గర నేర్చిన తెలుగులో అడిగాడు:

“సారూ, మీ మీద దరఖాస్తు ఎవరికియ్యాలె?”