చూడనోళ్ల బండి యేసోబు ముట్టడు

పోయిన వారం కారు సర్వీసుకిచ్చి షోరూంలో కూర్చున్నాను. అద్దాల గది, చల్లటి గాలి, కాగితం కప్పులో కాఫీ. ఎవరో పనిచోటు వైపు తలుపు తెరిచారు. దాంతోపాటే ఒక వాసన లోపలికి వచ్చింది. ఇంజిన్‌లోంచి అప్పుడే కిందికి దించిన పాత ఆయిల్ వాసన అది. మాడిన నువ్వులకూ కిరసనాయిలుకూ నడుమ ఎక్కడో ఉంటుంది. గదిలో నలుగురు ముక్కులు మూసుకున్నారు. నేను కప్పు పక్కన పెట్టి గుండెనిండా పీల్చాను. పక్కనున్నామె కొంచెం అవతలికి జరిగి కూర్చుంది. ఆమె తప్పు లేదు. నాకు కనిపిస్తున్నది ఆమెకు కనిపించదు కదా. దేవరకొండ రోడ్డు మీద రేకుల షెడ్డు, కారు కిందినుంచి బయటికి చాచిన రెండు కాళ్లు. ఆ కాళ్లు యేసోబువి. ఆయన పోయి రెండేండ్లయింది.

కారు ఖర్చు తగ్గించుకోవడంలో నల్లగొండ జిల్లా మొత్తంలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట చాలాచోట్ల చెప్పాను. రాతలో పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గించాలి. జిల్లాలో కాదు, మా గల్లీలో. గల్లీలో కూడా కాదు, మా ఇంట్లో. అదీ మా ఇంటామె నోరు విప్పనంతవరకే. తెలిసిన ఆ కాస్త కూడా యేసోబు పెట్టిన భిక్ష. ముప్పై ఏండ్లు సర్కారు బళ్లో భౌతికశాస్త్రం చెప్పాను. ఏదైనా మండాలంటే గాలి కావాలని వేలమంది పిల్లలతో రాయించాను. వేలు కాదేమో, వందలు. కానీ మండేచోటు ఎట్లా ఉంటుందో నేనెన్నడూ తొంగిచూసింది లేదు. తెలంగాణ వచ్చిన మరుసటేడు రిటైరై, వచ్చిన సొమ్ములో కొంత పెట్టి చిన్న కారు కొన్నాను. దాని ముందు మూత ఎట్లా తెరుచుకుంటుందో కూడా నాకు తెలియదు.

మొదటి మూడు సర్వీసులు కూలీ లేకుండా అయిపోయాయి. నాలుగోసారి షోరూంలో టై కట్టుకున్న పిల్లగాడు ఒక పొడుగాటి జాబితా చదివాడు. ఆయిల్ మార్చడంతో మొదలై, ఇంజిన్ లోపల కడగడం, ఏసీకి వాసన పోయే మందు, అడుగున నల్లరంగు పూత, ఇట్లా సాగింది. మొత్తం విని నా నెత్తి తిరిగింది. అక్కడే బల్ల గుద్ది, "దోపిడీనా ఇది?" అని గర్జించి బయటికొచ్చానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి, "ఇంటికిపోయి ఫోన్ చేస్త బాబూ" అని మెల్లగా జారుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ నా మొహం చూసి, "యేసోబు దగ్గరికి పో సార్. పన్నెండేండ్లు ఈడనే చేసిండు. ఇప్పుడు సొంతంగ పెట్టుకున్నడు" అన్నాడు.

యేసోబు పొట్టి మనిషి. అప్పటికి యాభై దాటాయి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ, ఖాకీ చొక్కా, ఎప్పుడూ కొంచెం ఎగిరి ఉండే కనుబొమ్మలు. వాళ్ల నాయిన ఇంకొకరి బాయికాడ పాలేరుగా జీతం ఉన్న మనిషి. ఇంట్లో మొదటి చక్రం తనదేనని నవ్వుతూ చెప్పేవాడు, అది సైకిలు చక్రమైనా సరే. నేను తాళం చేతికిచ్చి, సాయంత్రం వస్తానన్నాను. ఆయన తాళం తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"అట్లయితే తీస్కపో సార్. చూడనోళ్ల బండి నేను ముట్ట."

"చూసి నేనేం చేస్తనయ్యా? నాకేం తెలుస్తది?"

"తెల్వకపోతేనే చూడాలె. నేను మార్చిన అంట, నువ్వు నమ్ముతవు. రేపు ఇంకొకడు యేసోబు మార్చలే అంటడు, అదీ నమ్ముతవు. కండ్లతోని చూస్తే ఇగ నమ్ముడు పనే ఉండదు."

సార్ అంటూనే నువ్వు అనేవాడు. అందులో అమర్యాద ఏమీ వినిపించేది కాదు. బల్ల మీద కూర్చున్నాను. సీటు ముందరి డబ్బాలో పుస్తకం ఉంటుంది తియ్యమన్నాడు. కారుతో ఇచ్చిన పుస్తకం ఇంకా ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. "నాకు ఇంగ్లీషు సగమే వస్తది. నువ్వు చదువు, నేను పని చేస్త" అన్నాడు. ఎన్ని కిలోమీటర్లకు ఏం చెయ్యాలో ఉన్న పట్టీ తీసి చదివాను. ఆయిల్, దాని ఫిల్టర్ మార్చాలి. బ్రేకులు చూడాలి. గాలి ఫిల్టర్ దులపాలి. ఇంకో రెండు మూడు చిన్నపనులు. ఆ తర్వాత యేసోబు షోరూం జాబితా తీసుకుని, వేలుపెట్టి ఒక్కొక్కటే అడిగాడు.

"ఇంజిన్ లోపల కడుగుడు ఉన్నదా పుస్తకంల?"

"లేదు."

"ఏసీకి వాసన మందు?"

"లేదు."

"అడుగున నల్లరంగు?"

"లేదయ్యా."

"మరి గవి బండి అడగలే సార్. బిల్లు అడిగింది."

ఆ రోజు ఖర్చు షోరూం చెప్పినదాంట్లో పదో వంతు అయిందని చెప్పుకుంటూ వచ్చాను. పదో వంతు కాదు, సగానికి కొంచెం తక్కువ. అయినా ఆ రోజు మిగిలింది డబ్బు ఒక్కటే కాదు. పాత ఆయిల్ చుక్క నా వేలిమీద వేసి, "ఏం తెలుస్తాంది?" అని అడిగాడు. నల్లగా ఉందన్నాను. "నలుపు నాకు గూడ కనిపిస్తాంది. వేళ్ల నడుమ రుద్ది చూడు. ఇసుకలెక్క గరగర అంటే లోపల ఇనుము అరుగుతాంది. మెత్తగ జారితే ఫికర్ లేదు." రుద్దాను. మెత్తగా జారింది. ముప్పై ఏండ్లు నల్లబల్ల మీద రాసిన ఘర్షణ అనే మాట మొదటిసారి నా వేళ్లకు తగిలింది. చిన్నపిల్లవాడిలా ఇంకో చుక్క అడిగాను.

అప్పటినుంచి పని ఉన్నా లేకున్నా ఆ షెడ్డుకు పోవడం అలవాటైంది. ఎవరి బండి వచ్చినా తొంగిచూసేవాణ్ని. బ్రేకు పలకలు తీసి చూపించి, "ఎంత మందం ఉన్నయ్, నువ్వే చెప్పు" అనేవాడు. చెప్పేదాకా తాను చెప్పడు. "ఇంకో ఏడాది నడుస్తయ్. ఇప్పుడే మారిస్తే నీకు దండుగ, నాకు పండుగ" అని మళ్లీ బిగించేవాడు. ఒకసారి నా కారు స్టీరింగు తిప్పినప్పుడు కిర్రుమంటోంది. చెవి పెట్టి విని, షోరూంకు పొమ్మన్నాడు.

"ఆ దొంగల దగ్గరికి నేను పోను" అన్నాను వీరుడిలా.

"దొంగలెవరు సార్? అమ్మేటోడు వేరు, చేసేటోడు వేరు. ఆడ పని మంచిగనే చేస్తరు, నేను చేసిన గదా! గ్యారంటీ ఉన్నది, ఆ సామాను ఉత్తగనే ఏస్తరు. గ్యారంటీ పనికి ఆడికి పో, మామూలు పనికి ఈడికి రా. రెండు దిక్కుల పోతె ఇజ్జత్ ఏం పోదు."

పోయాను. ఉత్తగనే మార్చి ఇచ్చారు. గడియార స్తంభం దగ్గరి చాయ్ హోటల్లో మాత్రం, వాళ్ల మెడలు వంచి చేయించానని చెప్పాను. మెడలు వంచలేదు. వాళ్లు నాకు కాఫీ ఇచ్చారు, నేను తాగాను.

ఆ హోటల్లో పొద్దున పూట మేం నలుగురం రిటైరైనవాళ్లం కూర్చునేవాళ్లం. అందులో చంద్రారెడ్డి తహసీల్ ఆఫీసులో చేసి దిగినవాడు. ఆయన బామ్మర్దికి కిరాయికి తిప్పే కార్లు నాలుగున్నాయి. యేసోబు గురించి నేను చెప్పిన కథలు వినీ వినీ ఒకరోజు చంద్రారెడ్డి, "సరే సార్, మనం యాదగిరిగుట్టకు పోయొచ్చినంక మా బామ్మర్దిని తోల్కొస్త. నాలుగు బండ్లు ఇగ నీ యేసోబుకే" అన్నాడు. పరుగున పోయి యేసోబుకు చెప్పాను. ఆయన కారు కిందినుంచి చాలాసేపటికి బయటికొచ్చాడు. నడుము పట్టుకుని, బంపరు ఆసరాతో లేచాడు. ఏండ్ల తరబడి సిమెంటు నేల మీద వెల్లకిల పడుకుని చేసిన పని అది. ఇంక కింద పడుకోవద్దని దవాఖానలో చెప్పారట. కారును పైకి లేపే యంత్రం ఒకటి పాతది హైదరాబాదులో చూసి పెట్టుకున్నాడు. "నాలుగు బండ్లు నెలనెల వస్తయంటే అది కొంట సార్. నిలవడి పని చేస్త" అన్నాడు. ఆయన తనకోసం ఏదైనా కోరగా నేను విన్నది అదొక్కటే.

గుట్టకు పోయే ముందు నా కారు చూపించాను. గాలి ఫిల్టర్ తీసి, తట్టి దులిపి, "దీని పని అయిపోవచ్చింది. ఈ ప్రయాణం ఎల్తది. వచ్చినంక కొత్తది ఏద్దాం" అన్నాడు. అది మడతలు మడతలుగా ఉండే మందపాటి కాగితం. ఇంటికొచ్చాక నాలోని శాస్త్రవేత్త లేచాడు. ఇంతోటిదానికి కొత్తదెందుకు? మా ఇంటామెకు తెలియకుండా సబ్బుపొడి తెచ్చి బకెట్లో కలిపి, ఫిల్టర్‌ను అందులో ముంచి, కుచ్చెళ్లు పిండినట్టు పిండాను. పిట్టగోడ మీద ఒక పూట ఎండబెట్టాను. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంది. బిగించేశాను. షోరూం ఒక ఎత్తు, యేసోబు ఒక ఎత్తు, నేనొక ఎత్తు అనుకున్నాను.

తెల్లారి నలుగురం బయల్దేరాం. భువనగిరి దాటాక కారు దగ్గడం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా ఊపిరాడనట్టు గింజుకుంది. రోడ్డు పక్కన ఆగిపోయింది. మళ్లీ లేవలేదు.

"ఏమైంది సార్? మొన్ననే గదా యేసోబు చూసిండు?" అన్నాడు చంద్రారెడ్డి.

ఆ ప్రశ్నకూ నా జవాబుకూ నడుమ కొంచెం జాగా ఉంది. నిజం పట్టేంత జాగానే. కానీ ముగ్గురూ నావైపే చూస్తున్నారు. ఇన్నాళ్లూ కార్ల పండితుడినని చెప్పుకున్నవాణ్ని నేను.

"ఆయనే ఏదో గెలికినట్టున్నడు" అన్నాను.

చంద్రారెడ్డి అక్కడే, ఎర్రటెండలో నిలబడి, బామ్మర్దికి ఫోన్ చేశాడు. "ఆ షెడ్డు ముచ్చట ఇడిసిపెట్టు. షోరూంకే ఇచ్చెయ్" అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

వాళ్లు ఆటో పట్టుకుని గుట్టకు పోయారు. నేను దారిన పోయే ట్రాక్టరును ఆపి, కారుకు తాడు కట్టించి దగ్గర్లోని షోరూంకు చేర్చాను. అక్కడి మెకానిక్ డబ్బా మూత తీసి, ఫిల్టర్ చేత పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మడతల లోపలంతా తడి. కాగితం ఉబ్బి మందమైంది. గాలి లోపలికి పోవడానికి సందే లేదు. "ఎవరు ఉతికిన్రు సార్ దీన్ని? వాసనైతే మంచిగున్నది" అన్నాడు. తడంతా ఆరబెట్టి, కొత్త ఫిల్టర్ వేసి, దాని ధర మాత్రమే తీసుకున్నాడు. నేను ఏండ్లుగా దొంగలన్నవాళ్లలో ఒకడు అతను. మండాలంటే గాలి కావాలని రాయించిన చేతులు నావి.

వారం దాటింది. దేవరకొండ రోడ్డు దిక్కు పోలేదు. మా ఇంటామెకు సంగతి అప్పటికే తెలిసిపోయింది, సబ్బుపొడి తగ్గింది కదా. "ఏందయ్యా, ఉతికింది నువ్వు, పేరు యేసోబుదా? ఆయన పిల్లలకు తిండి పెట్టేది ఆ పేరేనాయె" అంది. నేను పేపరు తిరగేస్తూ కూర్చున్నాను. "పేపరు తలకిందులు పట్టుకున్నవు" అంది. ఇది మాత్రం అతిశయోక్తి కాదు.

మరునాడు పోయాను. షెడ్డులో బండ్లేవీ లేవు. యేసోబు నేల మీద ఒక పాత ఫిల్టర్ డబ్బా పెట్టుకుని, దాని మూత బిగించే క్లిప్పులు తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. మాట ఆయనదాకా వచ్చింది. నన్ను చూసి కోపపడలేదు. కోపపడినా బాగుండేది.

"క్లిప్పు సరిగ్గ పడలేదా సార్? నాకైతే సప్పుడు ఇనిపించినట్టే యాది. నువ్వు పక్కనే ఉన్నవు గదా, నువ్వు చెప్పు. నా చేతులకే తెల్వకుంట అయిపోయిందా? మూడు రోజులసంది గిదే చూస్తున్న."

పనిపోయిందని ఆయన బాధపడుతుంటాడనుకుని పోయాను. ఆయన తన చేతులనే అనుమానిస్తున్నాడు. ఆ చేతులకు ఆ అనుమానం పెట్టింది నేను. మొత్తం చెప్పేశాను. సబ్బుపొడి, బకెట్, పిట్టగోడ, ఫోను, అన్నీ. యేసోబు డబ్బా మూత పెట్టి క్లిప్పు నొక్కాడు. టక్కుమంది.

"అయితే క్లిప్పు పడ్డది" అన్నాడు. కనుబొమ్మలెగరేసి, "ఎన్ని నీళ్లు పోసినవు? ఎంతసేపు నానబెట్టినవు? ఎంతదూరం పోయినంక దగ్గింది?" అని వరసగా అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అన్నీ విన్నాక అన్నాడు: "నాకు చెప్పినవు, మంచిగైంది. చంద్రారెడ్డి సార్‌కు ఎవరు చెప్తరు?"

చాయ్ హోటల్లో అందరి ముందూ చెప్పాను. నవ్వారు. ఆ రోజునుంచి నేను సబ్బుసార్‌నయ్యాను. చంద్రారెడ్డి మాత్రం నవ్వలేదు. "ఇప్పుడు చెప్తే ఏం ఫాయిదా సార్? ఏడాదికి మాట్లాడుకున్నరు షోరూంతోని" అన్నాడు.

ఈ కథ చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఆ నాలుగు కార్లు యేసోబు షెడ్డుకు వచ్చేవి, యేసోబు ఆ యంత్రం కొనేవాడు, నిలబడి పనిచేసేవాడు. వినేవాళ్లు సంతోషంగా లేచిపోయేవారు. ఆ కార్లు రాలేదు. ఏడాది తిరిగినా రాలేదు. పోయేదాకా ఆయన సిమెంటు నేల మీద వెల్లకిల పడుకునే పనిచేశాడు. నేను వచ్చినప్పుడల్లా కిందినుంచే, "రా సార్, ఇది చూద్దువు రా" అని పిలిచేవాడు. ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేను మోకాళ్ల మీద వంగి చూసేవాణ్ని.

నిన్న మా ఇంట్లో మిక్సీ ఆగిపోయింది. "ఎవరు చెడగొట్టిన్రు దీన్ని?" అని మా ఇంటామె వంటింట్లోంచి అరిచింది. పనామె పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నేనే కావొచ్చు" అన్నాను. "ఆగు, విప్పి చూద్దాం. నువ్వు గూడ వచ్చి చూడు."

విప్పాం. నేనే.