కరుణమ్మ గారి పెరటి చామంతి

చామంతి ఆకు నలిగి ఆ ఘాటు వాసన తగిలితే చాలు, ఈ రోజుకీ నా చెయ్యి కెమెరా కోసం వెతుక్కుంటుంది. ఇవాళ పొద్దున మా కుండీలో పక్కమొగ్గలు గిల్లుతుంటే అదే జరిగింది. ఈ గిల్లడం నాకు నేర్పింది కరుణమ్మ గారు. విజయనగరంలో మా వీధి చివరి ఇల్లు ఆవిడది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయింది గానీ అజమాయిషీ పోలేదు. పెరట్లో నలభై కుండీల చామంతులు ఆవిడకు భయపడే పూసేవంటే నమ్మాలి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేసేదాన్ని. నాయకుల పుట్టినరోజులైనా, ఓణీల ఫంక్షన్లైనా, ఇంటర్నెట్‌లో దొరికిన గులాబీలే అంచు. ఇంట్లో పోట్లాడి పాత కెమెరా ఒకటి కొనుక్కున్నాను. నేను తీసిన ఫొటో ఒక్కటైనా ఫ్లెక్సీ ఎక్కాలని నా ఆశ. నీకెందుకమ్మా ఆ తలనొప్పి అని మా ఓనరు నవ్వేసేవాడు.

ఆ ఏడు చర్చిలో కోత పండక్కి ఫ్లెక్సీ చేయించడానికి కరుణమ్మ గారు వచ్చారు. ఆ పండక్కి ఎవరింటి తొలి పంట వాళ్ళు దేవుడి ముందు తెచ్చి పెడతారు. ధాన్యం, గుమ్మడికాయ, కోడిపుంజు, ఏదైనా సరే. ఆవిడది ఏటా చామంతే. నా గులాబీల అంచు చూసి కళ్ళజోడు పైకి నెట్టారు.

“ఇవి ఏ ఊరి పువ్వులే గుంటా? మన పండక్కి ఎవులో పండించినవేటి?”

ఆడపిల్ల ఎవరైనా ఆవిడకు గుంటే. మా పెరట్లో పువ్వుల్ని ఫొటో తియ్యి అన్నారు. ఎగిరి గంతేశాను. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ ఇంట్లో లేరు. అన్నింటిలోకీ పెద్ద పువ్వు నీడలో ఉంది. షాపులో నల్లగుడ్డ కట్టి తీరిగ్గా తీయొచ్చు కదా అని కోసి పట్టుకుపోయాను. పండక్కని రెండు నెలలుగా పక్కమొగ్గలన్నీ గిల్లేసి ఆవిడ ఆ ఒక్కదాన్నే పెంచుకున్నారని నాకేం తెలుసు! అడిగితే కదా తెలిసేది. ఫొటో చూస్తే ప్లాస్టిక్ పువ్వే నయం.

సాయంత్రం వెళ్తే ఆవిడ ఖాళీ కాడను చూశారు, తర్వాత నన్ను చూశారు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

“కోసిన పువ్వు ఎండకేసి సూడదే. మూల కుండీలో ఇంకో మొగ్గున్నాది. అది పూసేదాకా రోజూ రా. కెమెరా తేకు.”

పన్నెండు రోజులు వెళ్ళాను. నీళ్ళు పోశాను, మొగ్గలు గిల్లాను, పీట వేసుకుని ఎండ కదలడం చూశాను. ఏడున్నరకి మునగచెట్టు సందులోంచి ఆ కుండీ మీద పావుగంట ఎండ పడేది. కళ్ళుండీ ఇన్నాళ్ళూ గుడ్డిదాన్లా బతికానని అప్పుడర్థమైంది. పండగ ఆదివారం. శుక్రవారానికి మొగ్గ సగమే విచ్చింది. గులాబీలు పెట్టి పంపెయ్యమన్నాడు ఓనరు. ఎన్నడూ ఎదురు చెప్పనిదాన్ని, కుదరదన్నాను. శనివారం మధ్యాహ్నందాకా చూస్తాను, ఆ తర్వాత గులాబీలే అన్నాడు.

శనివారం తెల్లారగానే ఆవిడ ఫోన్ చేసి కెమెరా తెమ్మన్నారు. పరుగెత్తాను. పువ్వు నిండుగా విచ్చుకుంది. నేల మీద బోర్లా పడుకుని ఎండ కోసం కాచుకున్నాను. ఆవిడ పక్కనే నిలబడ్డారు. ఎండ పడింది. ఒక్కటే తీశాను. ఇంకోటి తీయాలనిపించలేదు.

ఆదివారం చర్చి గేటు మీద పది అడుగుల చామంతి! వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయి, ఏ దేశం పువ్వని అడిగారు. లోపల బల్ల మీద అదే పువ్వు కుండీతో సహా ఉంది. ఫొటో తీసిందెవరని పాస్టరు గారు మైకులో అడిగారు. కరుణమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కెళ్ళి, ఆ పువ్వు పక్కనే నిలబెట్టారు.

“ఈ ఏడు మా పెరట్లో పంట రెండండీ అయ్యగారూ. పువ్వొకటి, ఈ గుంటొకటి.”

చర్చంతా చప్పట్లు. నాకు ఏడుపొకటి, నవ్వొకటి. ఆ తర్వాత నా పూల ఫొటోలకు బహుమతులొచ్చాయి, సొంత స్టూడియో వచ్చింది. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని ఇప్పటికీ అడుగుతుంటారు. నేర్చుకోలేదండీ, కరుణమ్మ గారి పెరట్లో పండాను అంటాను.