చిలకకు కారం తెలీదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెలివితక్కువతనంలో నాకు పోటీ మా గేదెదూడ ఒక్కటే. అదైనా పండుమిరపకాయ పెడితే మొహం తిప్పుకునేది. నేను తిన్నాను.

నాకు నత్తి. నా పేరు నేను చెప్పేలోగా అడిగినవాళ్లు సగం దూరం వెళ్లిపోయేవాళ్లు. అందుకే మా బాబాయి నాకు 'చిలక' అని పేరు పెట్టాడు. ఆయన నోట్లో ఆ ఒక్క మాటకు ఎన్నో అర్థాలు. ముక్కు ఎర్రబడేలా ఏడిస్తే చిలకముక్కు, జామకాయ కొరికితే చిలక్కొట్టుడు, పద్యం అప్పజెప్పలేక గోడకు అతుక్కుపోతే చిలకకొయ్య. "కొయ్య ఖాళీగా ఉందిరా" అని తన తువ్వాలు నా భుజానికి తగిలించేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవారు.

ఒక ఏడు బడి వార్షికోత్సవంలో పిల్లలంతా తలా ఒక పద్యం చెప్పాలన్నారు. ముందురోజు నేను మిరప కల్లంలో కూర్చుని నా పద్యంతో కుస్తీ పడుతున్నాను. చిలకలు వాలి మిరపపళ్లు కొరుకుతున్నాయి.

"ఏరా చిలకా, వాటికి మాటలెట్టా వస్తాయో తెలుసా?" అన్నాడు బాబాయి. "కారం తగిలితే నాలిక సాగుద్ది. నువ్వూ తిను, రేపు గడగడా చదివేస్తావు."

పంజరంలో చిలకకు మాట రావాలంటే మిరపపండు పెట్టాలని మా వైపు అందరూ అనేదే. అందుకే నమ్మాను. రెండోది నమిలేసరికి నేల మీద దొర్లుతున్నాను. కాయలు ఏరే కూలీలు పని ఆపి మరీ నవ్వారు. బాబాయి చెంబు అందించి "తాగు నాయనా" అన్నాడు, ఎంతో ప్రేమగా. నీళ్లు పడితే మంట నోరంతా పాకుతుందని ఆయనకు తెలుసు.

నాలుక మీద మీగడ పెట్టింది మా నాయనమ్మ. జాలి మాత్రం పెట్టలేదు. "తిన్నందుకు కాదురా, నమ్మినందుకు ఏడువు," అంది. తాంబూలానికి ఆకులు మడిచి చిలకలు చుడుతూ, ఆ పేరెక్కడిదో చెప్పింది. కిలకిలా అరిచే పిట్ట గనక మొదట 'కిలక' అని ఉంటారట, నలిగి నలిగి చిలక అయిందట. తమిళంలో కిళి అంటారని పెద్దయ్యాక తెలిసి, ఆమె ఊహ మరీ గాలిమాట కాదనుకున్నాను.

"అరుపొకటే దాని సొంతం, మాటలు మనం నేర్పినయ్యి," అంది. "ఇంకోటి విను. చిలకకి కారం తెలీదు. గుప్పెడు మేసినా మండదు. మీ బాబాయిదీ ఆ జాతే. ఎదుటోడి మంట తెలీదు."

మర్నాడు వాచిన పెదాలతో వేదిక మీద నిలబడ్డాను. నత్తిగానైనా ఒక్క ముక్క రాలేదు. కిందికి దిగుతుంటే బాబాయి తువ్వాలు నా భుజం మీద పడింది.

అప్పుడే అనుకున్నాను, ఈ పేరు అసలు సొంతదారుకు చేర్చాలని. తరవాత ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆయన్ను చూపించి 'చిలక తాత' అని నేర్పాను. తన మాటకారితనానికి వచ్చిన బిరుదనుకుని బాబాయి మురిసిపోయాడు.

మొన్న మిరపకోతలప్పుడు డాబా మీద చుట్టాలంతా చేరాం. నా మనవరాలు ఆరబోసిన కుప్పలోంచి ఒక పండు ఏరి తెచ్చి, "తిను చిలక తాతా, బాగా మాట్లాడతావు" అని ఆయన నోటికి అందించింది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, అందరి ముందూ పసిదాన్ని కాదనలేక కొరికాడు. కట్టుడుపళ్ల కింద గింజలు ఇరుక్కున్నాయి. కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. అందరూ నవ్వారు.

నేను చెంబు అందించాను. "తా... తాగు బాబాయ్," అన్నాను, ఎంతో ప్రేమగా.

తాగాడు. తాగుతూ చెంబు మీదుగా నన్ను చూశాడు. ఆయనకు కల్లం గుర్తొచ్చింది.

కాసేపు అలాగే కూర్చున్నాను. హాయిగానే ఉంది. ఆ హాయే నన్ను భయపెట్టింది. ఎదుటివాడి మంట తెలియకపోతే నాదీ ఆ జాతేనని నాయనమ్మ ఎక్కడో ఆకులు మడుస్తూ అన్నట్టయింది. మీగడ గిన్నె కోసం లేచాను. ఈ మధ్య నా మోకాళ్లకూ నత్తి వచ్చింది. ఆగి ఆగి వెళ్లాను. తొందరేం పడలేదు.