చెయ్యి దించని సిగ్నల్‌మేన్

ఆ రోజుల్లో, అంటే బయోటెక్నాలజీ డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, నాకు తెలిసింది గోరంత, చెప్పాలన్న ఉబలాటం కొండంత. (ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.) సరిగ్గా అప్పుడే మా పెదనాన్న మెడ మీద గడ్డలు లేచాయి. ఆయన మా హిందీ ఊరి ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరై, క్యాంప్ 2 బస్తీలో ఇల్లు కట్టుకున్న మనిషి. లింఫోమా అన్నారు డాక్టర్లు. రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలకే పట్టే కేన్సరు. పెదనాన్న మాత్రలు గూట్లో పడేసి, "మాత్రలేటి సేస్తాయి, పోయే రోజొస్తే పోతాను" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెద్దమ్మ నా వంక చూసింది. "సదివినావు గదే, నువ్వైనా సెప్పు."

చెప్పాను. "పెదనాన్నా, కింద సిగ్నల్‌మేన్ వేలు తిప్పితేనే కదా నువ్వు పైన బరువు లేపేవాడివి? కణంలోనూ పెరగమని సిగ్నల్ ఇచ్చే ప్రొటీన్ ఉంటుంది. పనయ్యాక చెయ్యి దించాలి. నీ కణాల్లో అది దించట్లేదు. ఈ మాత్ర దాని చెయ్యి పట్టుకుంటుంది."

పెదనాన్న ఇటు తిరిగి, "తాగొచ్చి డ్యూటీ సేస్తన్నాడేటి ఎదవ" అని లేచి మాత్ర వేసుకున్నాడు. మర్నాటి నుంచి రోజూ అదే తంతు: ప్లాంటు నాటి పాత విజిల్ ఊదడం, అద్దం ముందు అరచెయ్యి చాచి ఆగమని సైగ చెయ్యడం, మాత్ర మింగడం. పక్కింటి దీదీ గోడ మీంచి "అంకల్‌జీ, కౌన్‌సీ గాడీ ఛూట్ రహీ హై?" అని, ఏ రైలు బయల్దేరుతోందని అడిగి నవ్వేది. గడ్డలు కరిగాయి. నేను వీధంతా తిరిగి క్రేన్ పాఠం చెప్పాను, అడగనివాళ్లకి కూడా.

మళ్లీ చలికాలానికి గడ్డలు తిరిగొచ్చాయి. మాత్ర అదే, విజిల్ అదే. కణాలు ఇంకో దారిలో సిగ్నల్ తెప్పించుకుంటున్నాయని డాక్టరమ్మ చెప్పింది. పెదనాన్న నన్ను మంచం దగ్గరకి పిలిచి, "రెండో సిగ్నల్‌మేన్ ఉన్నాడని ముందే సెప్పనేదేటే గుంటా?" అన్నాడు. కోపంగా కాదు, షిఫ్టు మారేటప్పుడు పని అప్పగింతలో అడిగినట్టు. ఎండలు ముదరకముందే ఆయన పోయాడు. ఆ ఇంట్లో పొద్దుటి పూట నిశ్శబ్దాన్ని చాన్నాళ్లు భరించలేకపోయాను.

ఇప్పుడు నెహ్రూ నగర్ దగ్గర ఒక కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. వేలు గాల్లో తిప్పి, అరచెయ్యి చాచి ఆపుతాను. పిల్లలు నవ్వుతారు. సిగ్నల్‌మేన్లు చాలామంది ఉంటారని మొదటే చెప్పేస్తాను. ఒక్కడితోనే కథ ముగించేసిన అప్పటి పిల్లని తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. పాపం, ఆ ఒక్కడినీ ఆపితే చాలనుకునే పెదనాన్న ఏడాది పొడుగునా విజిల్ ఊదాడు.