బొమ్మకు దిద్దిన అలక

ముప్కాల్‌లో సవిత ఇంటికి మధ్యాహ్నం పూట కొత్తవాళ్లెవరైనా వస్తే, కిటికీ దగ్గర ఆమె ఒళ్లో ఒక చిన్న తల చూసి ఉలిక్కిపడతారు. సవిత నవ్వి, పక్కనున్న పెట్టె తెరిచి మిగతా ఒళ్లు చూపిస్తుంది. మోచేతులకు, మోకాళ్లకు గుండ్రటి కీళ్లున్న రెజిన్ బొమ్మ. లోపల బిగించి కట్టిన ఎలాస్టిక్ దాన్ని మనిషిలా నిలబెడుతుంది, కూర్చోబెడుతుంది. ముఖం మాత్రం ఖాళీగా వస్తుంది. ఆ ఖాళీలో ఎవరో ఒకరిని దిద్దడమే సవిత సరదా.

పొద్దున బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పి వస్తుంది. అన్నాలు తిని, గిన్నెలు సర్దాక కిటికీ దగ్గర చేరుతుంది. రంగు సుద్దను బ్లేడుతో గీకి, ఆ పొడిని మెత్తటి కుంచెతో చెక్కిళ్లకు అద్దుతుంది. దాని మీద మెరుపు లేని స్ప్రే ఒక పూత. ఆరాక మళ్లీ పొడి, మళ్లీ పూత. ముఖం ఒక్కసారిగా రాదు. పొగమంచులో ఎదురొచ్చే మనిషిలా వస్తుంది. ముందు నీడ, తర్వాత పెదవి, అన్నిటికన్నా చివర చూపు.

ఈసారి తల రుమానాది. డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు, నిజామాబాద్‌లో ఉంటుంది. ఎన్నాళ్లో ఎదురుచూసి తెప్పించుకున్న బొమ్మ, ఆమెకున్నది అదొక్కటే. తల చేతిలో పెడుతూ అంది:

“అన్ని బొమ్మలు నవ్వుతనే ఉంటయి యార్. నాది అలగాలె. ఏడుపు కాదు, గుస్సా కాదు. అలక. వస్తదా నీకు?”

“అలగుడు నాకెందుకు రాదు, నిన్ను మూడేండ్లు సూడలేదా?” అంది సవిత.

అన్నంత తేలిక కాలేదు. కనుబొమ కాస్త దించితే కోపమయ్యేది. పెదవి చివర వంచితే ఏడుపయ్యేది. తుడిచేది, మళ్లీ మొదలుపెట్టేది.

ఒకనాడు అత్త భూమవ్వ, తననడగకుండా పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము వాళ్లను పిలిచాడని కొడుకు మీద అలిగి గడపలో కూర్చుంది. చాయ్ ముట్టలేదు. కింది పెదవి కొంచెం ముందుకు, ఒక కనుబొమ రెండోదానికన్నా కిందకు. కళ్లు వాకిట్లోకే చూస్తున్నా, చెవులు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి, ఎవరొచ్చి బతిమాలతారా అని. సవిత చేతిలో కుంచె ఆగింది. అలకలో ఒక ఎదురుచూపు ఉంటుందని ఆమెకప్పుడే తోచింది. ఆ సాయంత్రానికి బొమ్మ ముఖం కుదిరింది.

మిగిలింది ఆఖరి పూత. మర్నాడు తలను పుల్లకు గుచ్చి, డాబా మీదికి తీసుకెళ్లి స్ప్రే కొట్టింది. పూత తడిగా ఉండగానే కింద డ్రమ్ము తిరగడం మొదలైంది. ఉడికి ఎండిన కొమ్ములు అందులో దొర్లి పొట్టు రాల్చుకుంటుంటే, పసుపు దుమ్ము గాలితో లేచి డాబా ఎక్కింది. సవిత పసుపు పండించే ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, డ్రమ్ము తిరిగే రోజుల్లో తడిబట్ట కూడా బయట ఆరేయదు. ముఖం కుదిరిన సంతోషంలో ఆ సంగతే మరిచింది. దోసిలి అడ్డం పెట్టేలోపే నుదురు, చెక్కిళ్లు పచ్చబడ్డాయి.

భూమవ్వ మెట్లెక్కి వచ్చింది. “ఎండల పెట్టు బిడ్డా. పసుపు మరక ఎండకు పోతది.”

“ఎండ తాకితె గీ బొమ్మనే పచ్చగయితదత్తా.”

“గదేం బొమ్మనే! నీడకుంటె పసుపు, ఎండకుంటె పసుపు.” దగ్గరకొచ్చి కళ్లు చిట్లించింది. “ఆగాగు. గీ మూతి ఎవలది? నాదేనా?”

“కొంచెం.”

“నేను గిట్ల కూసుంటనా?”

“నీ కొడుకు బతిమాలేదాంక.”

భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

సవిత రుమానాకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

“తుడువు మరి,” అంది రుమానా. “కానీ మళ్ల గట్లనే రావాలె.”

స్పిరిట్ అద్దిన దూదికి పసుపూ అలకా కలిసే వచ్చేశాయి. అడుగు పూతలు కాచినందుకు రెజిన్‌కు మరక అంటలేదు. తల మళ్లీ ఖాళీ అయింది. ఆ చూపు ఎలా వచ్చిందో సవిత చేతికి గుర్తులేదు.

“అత్తా, ఒక్కసారి అలుగు.”

“ఊకెనే ఎట్ల అలుగుతరే? ఏమన్న అను.”

“నీ పులుసుల ఉప్పెక్కువైంది.”

భూమవ్వ గడపలో కూర్చుని పెదవి ముందుకు పెట్టింది. కోడలి కళ్లు తన మీదే ఉన్నాయని తెలియగానే పెదవి నిలవలేదు. ఆ తర్వాత నిజంగా అలిగినప్పుడు కూడా, సవిత తొంగిచూస్తే చాలు, ఆ ముఖం చెదిరిపోయేది. ఊళ్లో దొరికిన ఒక్క అలకా అలా పాడైపోయింది.

చివరికి సవిత పాతదాన్ని వెతకడం మానేసి, ఎదుట చెదిరిపోతున్న ముఖాన్నే గీసింది. డ్రమ్ము వేరే ఊరికి పోయాక, గాలి లేని ఒక ఉదయం ఆఖరి పూత వేసింది.

రుమానా బస్సులో వచ్చింది. తలను మెడకు తగిలించి, బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసింది.

“ఇది అలక కాదు,” అంది రుమానా.

“మరేంది?”

“అలక తీరుతున్నది. ఇంకొక్క మాటంటె నవ్వేటట్టున్నది.”

“తుడ్వాల్నా?”

రుమానా రంగు అంటకుండా బొమ్మ గడ్డం కింద వేలు పెట్టి, ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

“వద్దు. ఆ మాటేందో నేను వెతుక్కుంట.”