పెళ్లిచూపుల్లో యాంబిషన్

యాంబిషన్ అనే మాటను దివిసీమకు మోసుకెళ్లింది నేనేనని మనవలతో చెబుతుంటాను. అబద్ధం. అది అక్కడే నా కోసం కాచుక్కూర్చుంది.

అరవైల మొదట్లో బందరులో గుమాస్తాను. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోదానికి అవనిగడ్డ దగ్గర ఒక చర్చి పంతులుగారింటికి వెళ్లాం. ఇదీ తప్పిపోతే ఇక పిల్లను వెతకనని అమ్మ బస్సులోనే తేల్చేసింది.

పంతులుగారు కాఫీకి ముందు సుదీర్ఘంగా ప్రార్థన చేశారు. ఆమెన్ అంటూనే నావైపు తిరిగారు.

"మీ యాంబిషన్ ఏంటి బాబూ?"

మాట తెలుసు. చొక్కాలాగా ప్రతివాడికీ ఒకటుండాలని మాత్రం తెలీదు. ఆశ అంటే పక్కింటి చేపల పులుసు మీద కూడా ఉంటుంది. పేరాశ అంటే తిట్టు. ఆశయం మీటింగుల్లో వినేది. ఈయనకు వీటిలో ఏది కావాలి?

"కలెక్టరవుదామనండి" అన్నాను.

పంతులుగారి ముఖం వెలిగిపోయింది. అమ్మ మాత్రం నన్ను కొత్తగా చూసింది.

"ఏ పుస్తకాలు చదువుతున్నారండీ?" గుమ్మం దగ్గర నిలబడ్డ పెళ్లికూతురు అడిగింది.

"నువ్వూరుకోవే" అన్నారు పంతులుగారు.

ఒప్పేసుకున్నాను. "ఏమీ చదవట్లేదండి. మా ఆఫీసులో ఫ్యాను ఒక్కటే. దాని కింద కుర్చీ కావాలి. నాకంటే ముందు ఇద్దరున్నారు. అంతేనండి."

"అది యాంబిషనేంటి బాబూ, ఉక్కపోత!"

ఆ అమ్మాయి నవ్వేసింది. సంబంధం ఎలాగూ పోయింది గదా అని నాకు ధైర్యం వచ్చింది. "మరి మీదేంటండీ?" అన్నాను. ఆ ప్రశ్న ఆ పిల్లను అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

"టీచరు ట్రైనింగు. గుడివాడలో సీటొచ్చింది. పెళ్లయితే మానెయ్యాలంటున్నారు వచ్చినవాళ్లంతా. మీరూ అంతేనా?"

ఠక్కున "నేనే దగ్గరుండి బస్సెక్కిస్తాను" అన్నానని చెప్పుకుంటాను. నిజానికి ముందు అమ్మ ముఖం చూశాను.

"వంటెవరు చేస్తార్రా?" అంది అమ్మ.

"నేర్చుకుంటానే" అన్నాను.

పంతులుగారు కూతురివైపు తిరిగారు. "ఏమంటావే?"

"ఈయన్నే చేసుకుంటాను నాన్నగారూ. ట్రైనింగు అయ్యాక."

అయ్యాక! రెండేళ్లు ఆగాను. ఆ రెండేళ్లలో వంట నేర్చుకున్నాను. నా పప్పు బందరులోనే పేరుమోసింది. బందరంటే బందరు కాదు, మా ఆవిడ మెచ్చుకుంది. ఆవిడ కూడా ఒక్కసారే, అదీ జ్వరంలో.